మహిళల పోకర్ టోర్నమెంట్: ఎలా ఆడాలి, ముక్క ఎదురు తిరిగితే ఎలా తట్టుకోవాలి

పేరు రాయించుకునే ముందే ఒక లెక్క వేసి చూడండి. మీ చేతిలో ఆసుల జత ఉంది. ఎదుటావిడ చేతిలో రాజుల జత ఉంది. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) పడకముందే ఇద్దరూ ఆల్-ఇన్ చేశారు, అంటే తమ చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ పెట్టేశారు. హోల్డెమ్‌లో, అంటే ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, అందరికీ కలిపి టేబుల్ మీద ఐదు తెరిచే పోకర్‌లో, ఇంతకంటే మంచి పరిస్థితి అరుదుగా దొరుకుతుంది. అయినా ఇదే హ్యాండ్‌ను, అంటే ఈ ఒక్క విడత ఆటను, వందసార్లు ఆడితే మీరు గెలిచేది దాదాపు 82 సార్లు. మిగతా 18 సార్లు ఏ తప్పూ చేయకుండానే ఓడిపోతారు.

టోర్నమెంట్‌లో చివరిదాకా వెళ్లాలంటే చిప్స్ అన్నీ పణంగా పెట్టే సందర్భాలు చాలా వస్తాయి. ఐదే వచ్చాయనుకోండి. ఐదింటిలోనూ మీకే 80 శాతం పైచేయి ఉందనుకోండి. ఐదుకి ఐదూ గెలిచే అవకాశం 33 శాతం మాత్రమే. అంటే చక్కగా ఆడే ముగ్గురిలో ఇద్దరికి ఎక్కడో ఒకచోట దెబ్బ తగలాల్సిందే. దాన్నే ఆటగాళ్లు బ్యాడ్ బీట్ అంటారు. అది దారి తప్పి వచ్చిన ఆపద కాదు, టోర్నమెంట్ నడకలోనే ఉంది. కాబట్టి బ్లైండ్లకు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలకు) ఎలా సిద్ధపడతారో దానికీ అలాగే సిద్ధపడాలి.

నేను ఆడిన మొదటి మహిళల టోర్నమెంట్‌లో నాలుగో గంటలో నాకు సరిగ్గా పైన చెప్పిన హ్యాండే వచ్చింది. రివర్‌లో, అంటే టేబుల్ మీద పడే ఐదో ముక్కగా, రాజు పడింది. నా చిప్స్ మూడు వంతులు పోయాయి. ఒళ్లంతా వేడెక్కింది. వెంటనే తర్వాతి హ్యాండ్‌లో రాణి–పది పట్టుకుని, ముందు ఒకావిడ రైజ్ చేసినా (పందెం పెంచినా) పట్టించుకోకుండా, మిగిలినవన్నీ తోసేశాను. ఆవిడ దగ్గర రాణుల జత ఉంది. చాలా నెలలు ఆ రాజునే తిట్టుకున్నాను. కానీ ఆ రాజు పడ్డాక కూడా నా ముందు 22 బిగ్ బ్లైండ్లు (బ్లైండ్లలో పెద్దదానికి 22 రెట్ల చిప్స్) ఉన్నాయి. టోర్నమెంట్‌లో నా కథ ముగించింది రెండో హ్యాండ్. ఆ రెండో హ్యాండ్ మీరు ఆడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

పోకర్ విషయంలో చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీరు ఆడబోయే చోట అది చట్టబద్ధమో కాదో మొదట చూసుకోండి. కాదంటే అక్కడితో ఆపేయండి.

తర్వాత ప్రవేశ రుసుము. ఆ డబ్బు పూర్తిగా పోయినా మీ నెల ఖర్చులో ఏ ఒక్కటీ ఆగకూడదు. అప్పు చేసో, ఇంట్లోవాళ్లకు చెప్పకుండానో, ఇంకోదానికి తీసిపెట్టిన డబ్బుతోనో కూర్చుంటే ముక్క ఎదురు తిరిగినప్పుడు తట్టుకోవడం ఎవరివల్లా కాదు. నేను చెప్పే చిట్కాలేవీ అప్పుడు పనిచేయవు. పోతుందేమోనని భయపడుతూ పెట్టిన డబ్బుతో ఎవరూ సరిగ్గా ఆడలేరు.

చాలా టోర్నమెంట్లలో ఓడిపోయినవాళ్లు మళ్లీ రుసుము కట్టి లోపలికి రావచ్చు. దీన్ని రీ-ఎంట్రీ అంటారు. ఎన్నిసార్లు కడతారో ఇంటి దగ్గరే నిర్ణయించి కాగితం మీద రాసుకోండి. "ఒక్కసారే" అని రాసుకుంటే ఒక్కసారే. దెబ్బ తిన్న ఐదు నిమిషాలకు కౌంటర్ దగ్గర నిలబడి తీసుకునే నిర్ణయం మీది కాదు, మీ కోపానిది.

టోర్నమెంట్ షీట్ చదవండి

నిర్వాహకులు ఇచ్చే షీట్‌లో నాలుగు విషయాలు చూడాలి: మొదట ఎన్ని చిప్స్ ఇస్తారు, బ్లైండ్లు ఎన్ని నిమిషాలకు పెరుగుతాయి, ఆలస్యంగా చేరడానికి గడువు ఎప్పటిదాకా, ఎంతమందికి బహుమతి. 25,000 చిప్స్ అంటే బోలెడు అనిపిస్తుంది. ఆ అంకెకు విడిగా అర్థం లేదు. బిగ్ బ్లైండ్ 200 అయితే మీ దగ్గర 125 బిగ్ బ్లైండ్లు ఉన్నట్టు. అదే బిగ్ బ్లైండ్ 2,000కి చేరేసరికి అవే చిప్స్ పన్నెండున్నర అవుతాయి. ఎప్పుడూ చిప్స్‌ను బిగ్ బ్లైండ్లలోకి మార్చి లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటు దెబ్బ తిన్నాక ఎంత పనికొస్తుందో ముందు ముందు చెబుతాను.

బ్లైండ్లు 15 నిమిషాలకే పెరిగే టోర్నమెంట్‌లో అదృష్టం పాలు ఎక్కువ. 30, 40 నిమిషాలైతే ఓపికగా ఆడేవాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది. మొదటిసారి ఆడేవాళ్లు, వీలుంటే, నెమ్మదిగా సాగేదాన్నే ఎంచుకోండి. దురదృష్టాన్ని తట్టుకునే ఏర్పాటు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇంకోటి. ఆడవాళ్లకు వేరే టోర్నమెంట్ ఎందుకని అడిగేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో మహిళల పోటీ 1977లో మొదలైంది. అప్పట్లో హోల్డెమ్ కాదు, సెవెన్ కార్డ్ స్టడ్ అనే ఇంకో రకం పోకర్ ఆడేవారు. తర్వాతి కాలంలో కొందరు మగవాళ్లు పట్టుబట్టి అందులో కూర్చోవడంతో, 2013 నుంచి రుసుము 10,000 డాలర్లని పెట్టి, మహిళలకు 9,000 డాలర్ల తగ్గింపు ఇచ్చారు. ఆడవాళ్లకు వెయ్యి డాలర్లకే ప్రవేశం అన్నమాట. ఇప్పుడు ఆ పోటీకి వెయ్యిమందికి పైగా వస్తున్నారు. మామూలు టోర్నమెంట్‌లో తొమ్మిదిమంది మగవాళ్ల మధ్య ఒక్కరే కూర్చుని, ప్రతి హ్యాండ్‌కీ ఎవరో ఒకరు పాఠం చెబుతుంటే విన్న ఆడవాళ్లకు, అందరూ ఆడవాళ్లే ఉన్న టేబుల్ ఎంత తేలిగ్గా అనిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. అక్కడ మీ గురించి కాకుండా ముక్కల గురించి ఆలోచించవచ్చు.

టేబుల్ దగ్గర

మొదటిసారి అయితే ఆ మాట డీలర్‌తో (ముక్కలు పంచేవారితో) చెప్పేయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ రెండు ముక్కల మీద ఒక చిప్ పెట్టి ఉంచండి. కాపలా లేని ముక్కల్ని డీలర్ పొరపాటున లాగేసుకుంటే చాలాచోట్ల ఆ హ్యాండ్ పోయినట్టే. మీ వంతు వచ్చేదాకా ఏమీ అనకండి, మీ వంతులో నోటితో అన్న మాటకు మాత్రం కట్టుబడాలి. రైజ్ చేయాలనుకుంటే ముందు "రైజ్" అని పైకి అనండి. ఏమీ అనకుండా పెద్ద విలువ చిప్ ఒక్కటి ముందుకు వేస్తే దాన్ని కాల్ (ఎదుటివాళ్ల పందేనికి సమానంగా పెట్టడం) కిందే లెక్కిస్తారు. చిప్స్ రెండు విడతలుగా ముందుకు తోస్తే మొదటి విడతే చెల్లుతుంది. ఇలాంటి చిన్న తప్పు వల్ల పెద్ద హ్యాండ్ పాడైతే అది దురదృష్టం కిందికి రాదు, కాబట్టి ఈ నియమాలు ముందే నేర్చుకుని వెళ్లండి.

మహిళల టేబుళ్ల దగ్గర కబుర్లు ఎక్కువ, నవ్వులు ఎక్కువ. నాకది చాలా ఇష్టం. కానీ హ్యాండ్ నడుస్తుండగా ఆ హ్యాండ్ గురించి మాట్లాడకూడదు, మీరు ఫోల్డ్ చేసేసినా (ముక్కలు వదిలేసినా) సరే. నవ్వుతూ మాట్లాడుతున్నారు కాబట్టి మెత్తగా ఆడతారని అనుకోవద్దు. "ఆడవాళ్లు బ్లఫ్ చేయరు" అనే మాట నమ్మి వచ్చినవాళ్లు అదే టేబుల్ దగ్గర చిప్స్ పోగొట్టుకోవడం చూశాను. జపాన్‌కు చెందిన షీనా ఒకామోటో వరల్డ్ సిరీస్ మహిళల పోటీలో 2023లో రెండో స్థానంలో ఆగిపోయింది. 2024లో గెలిచింది. 2025లో మళ్లీ గెలిచింది. వెయ్యిమందికి పైగా ఆడే పోటీలో మూడేళ్లు వరుసగా చివరి ఇద్దరిలో ఉండటమంటే, అక్కడ ఎంత గట్టిగా ఆడేవాళ్లు ఉంటారో ఊహించండి. ఒక్కొక్కరూ ఎలా ఆడుతున్నారో చూసి వాళ్లను బట్టి ఆడండి.

ఒకటి మాత్రం నేను గమనించాను. కొత్తవాళ్లు ఎక్కువగా వచ్చే ఏ టోర్నమెంట్‌లోనైనా కాల్ చేసేవాళ్లు ఎక్కువ. మహిళల టోర్నమెంట్లకు కొత్తవాళ్లు ఎక్కువగా వస్తారు. ఫ్లాప్ చూడాలని అందరికీ సరదా. ఇక్కడే మీ దురదృష్టానికి సగం కారణం దాగి ఉంది. ఆసుల జత ఏవో రెండు ముక్కలున్న ఒక్కరితో తలపడితే 85 శాతం గెలుస్తుంది. అలాంటివాళ్లు నలుగురు లోపలికి వస్తే గెలుపు 56 శాతానికి పడిపోతుంది. అంటే నలుగురిని చౌకగా రానిచ్చి, ఆ తర్వాత ఆసులు ఓడిపోయాయని బాధపడితే లాభం లేదు. మీ టేబుల్ దగ్గర అందరూ కాల్ చేస్తున్నారా? మంచి ముక్కలు వచ్చినప్పుడు రైజ్ ఇంకాస్త పెద్దది చేయండి. రెండు బిగ్ బ్లైండ్లకు నలుగురు వస్తుంటే మూడున్నర, నాలుగు పెట్టి చూడండి. బ్లఫ్‌లు తగ్గించండి. కాల్ చేయడానికే వచ్చినవాళ్లను బ్లఫ్ చేసి పంపలేరు.

మొదటి గంటలు

టేబుల్ మీద ఆడేటప్పుడు గంటకు పాతిక, ముప్ఫై హ్యాండ్లే పడతాయి. ఆసుల జత సగటున 221 హ్యాండ్లకు ఒకసారి వస్తుంది. అంటే దాదాపు ఎనిమిది గంటలకు ఒకసారి. ఏదో ఒక జత రావడానికి సగటున 17 హ్యాండ్లు పడుతుంది. ఆ జత ఫ్లాప్‌లో మూడు కావడం ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. జత కాని రెండు ముక్కలు, అవి ఆసు–రాజు అయినా సరే, మూడింట రెండుసార్లు ఫ్లాప్‌లో దేనితోనూ కలవవు.

ఈ అంకెలు ఒకసారి తెలిశాక "రెండు గంటలుగా నాకు ముక్క పడటం లేదు" అనే బాధ చాలావరకు పోతుంది. రెండు గంటలంటే యాభై, అరవై హ్యాండ్లు. అందులో పెద్ద ముక్కలు ఒక్కసారీ రాకపోవడం మామూలే. ఆ సమయంలో విసుగుతో పిచ్చి ముక్కలు ఆడటమే అసలు నష్టం. ముక్కలు అచ్చిరానప్పుడు మీకు వేరే పని ఉంది: ఎవరు ఏ ముక్కలతో చివరిదాకా వెళ్తున్నారు, ఎవరు భయపడి ఫోల్డ్ చేస్తున్నారు, ఎవరు విసిగిపోయారు అని చూడటం. మీరు చాలాసేపు ఫోల్డ్ చేస్తూ కూర్చున్నారని మిగతావాళ్లూ చూస్తుంటారు. అప్పుడు బటన్ మీద నుంచి, అంటే అందరికంటే చివర మాట్లాడే చోటు నుంచి, మీరు ఒక రైజ్ చేస్తే దానికి మర్యాద దక్కుతుంది.

దెబ్బ తగిలిన మొదటి నిమిషం

ఈ భాగం నెమ్మదిగా చదవండి. వీలైతే వెళ్లే ముందు రోజు మళ్లీ చదవండి.

రివర్‌లో ముక్క ఎదురు తిరిగింది. చిప్స్ అవతలికి వెళ్తున్నాయి. నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు ఉంటుంది. చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇది మీ బలహీనత కాదు, శరీరం తీరే అంత. దాన్ని ఆపలేరు కానీ దాని చేతికి చిప్స్ ఇవ్వకుండా ఉండగలరు.

మొదట రెండు చేతులూ టేబుల్ అంచు మీద పెట్టండి. చిప్స్ మీద వద్దు. ఒక దీర్ఘ శ్వాస తీసుకుని దానికి రెట్టింపు సమయం పట్టేలా వదలండి. ఇలా మూడుసార్లు.

తర్వాత ఒక్క మాట: "బాగా ఆడారు." మనస్ఫూర్తిగా అనలేకపోతే ఏమీ అనకండి. "ఆ ముక్కలతో ఎలా కాల్ చేశావు?" అని మాత్రం అడగొద్దు. ఎందుకో చెబుతాను. ఆవిడ తప్పుగా కాల్ చేసి ఉంటే, ఆ తప్పు వల్ల దీర్ఘకాలంలో లాభం మీకే. ఆవిడకు పాఠం చెప్పి మంచి ఆటగత్తెను చేసే పని మీకెందుకు? అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఆవిడ బహుశా మొదటిసారి ఆడుతోంది. అంతమంది ముందు ఆవిడను చిన్నబుచ్చితే ఇంకెప్పుడూ రాదు. మహిళల టోర్నమెంట్లు నిలబడేదే కొత్తగా వచ్చేవాళ్ల వల్ల. ఒకసారి నా ఎదురుగానే ఒక అమ్మాయి రివర్‌లో గెలిచి, ఓడినావిడ అన్న మాటకు కళ్లనీళ్లు పెట్టుకుంది. గెలిచిన చిప్స్ పేర్చుకోవడానికి కూడా ఆ పిల్లకు చేతులు రాలేదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంది, అప్పుడు నేను నోరు విప్పి ఆ పిల్ల తరఫున ఒక్క మాట అనకపోయినందుకు.

ఆ తర్వాత చిప్స్ లెక్కపెట్టండి, బిగ్ బ్లైండ్లలో. ఇందాక అలవాటు చేసుకోమన్నది ఇందుకే. "మూడు వంతులు పోయాయి" అనుకుంటే గుండె జారుతుంది. "నా దగ్గర 22 బిగ్ బ్లైండ్లు ఉన్నాయి" అనుకుంటే ఆడటానికి ఏదో ఉందని తెలుస్తుంది. పోయినవాటి గురించి ఆలోచించే మనసుకు లెక్కపెట్టే పని ఇస్తే అది కాసేపు ఆ పనిలో పడుతుంది.

చివరగా, రాబోయే మూడు హ్యాండ్లకు ఒక నియమం పెట్టుకోండి. నా నియమం ఇది: దెబ్బ తిన్నాక మూడు హ్యాండ్లు పదుల జతో అంతకంటే పెద్ద జతో, లేదా ఆసు–రాజో వస్తేనే ఆడతాను, మిగతావన్నీ ఫోల్డ్. దీనివల్ల అప్పుడప్పుడూ ఆడదగ్గ ముక్కలు వదిలేస్తానని నాకు తెలుసు. ఆ నష్టం చాలా చిన్నది. కోపంలో ఆడే ఒక్క హ్యాండ్ వల్ల వచ్చే నష్టం మొత్తం టోర్నమెంట్. అయితే చిప్స్ బాగా తగ్గిపోయి బ్లైండ్లు మీదికి వస్తుంటే ఈ నియమం వర్తించదు, దాని గురించి కింద చెబుతాను.

కోపంతో దారి తప్పి ఆడటాన్ని టిల్ట్ అంటారు. టిల్ట్ అంటే చిప్స్ విసిరికొట్టడమే అనుకుంటారు చాలామంది. నిశ్శబ్దంగా వచ్చే టిల్ట్ కూడా ఉంటుంది. మళ్లీ దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో రాణుల జతను కూడా ఫోల్డ్ చేస్తుంటారు, పందెం పెట్టాల్సిన చోట చెక్ చేస్తుంటారు (ఏమీ పెట్టకుండా వంతు దాటిస్తుంటారు). పైకి ఎంతో నెమ్మదిగా కనిపిస్తారు. నా స్నేహితురాళ్లలో ఎక్కువమందికి వచ్చేది ఈ రెండో రకమే. మీకు ఏది వస్తుందో ముందు తెలుసుకోండి. మొదటి రకానికి మందు ఫోల్డ్ చేయడం. రెండో రకానికి మందు, మంచి ముక్కలు వచ్చినప్పుడు మామూలుగా ఎంత రైజ్ చేసేవారో అంతే చేయడం.

అది నిజంగా దురదృష్టమేనా?

విరామంలో అందరూ తమ బ్యాడ్ బీట్ కథలు చెప్పుకుంటారు. మీరు చెప్పకండి, వీలైతే వినకండి కూడా. చెప్పిన ప్రతిసారీ గాయం మళ్లీ రేగుతుంది, విరామం అయ్యేసరికి అదే వేడితో తిరిగి కూర్చుంటారు. బయటికి వెళ్లి నాలుగు అడుగులు వేసి, నీళ్లు తాగి, చిన్న నోటుబుక్కులో ఆ హ్యాండ్ రాయండి.

రాయడంలో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి దగ్గర ఎన్ని బిగ్ బ్లైండ్లు, ఎవరు ఎంత పెట్టారు, చిప్స్ అన్నీ లోపలికి వెళ్లిన క్షణంలో టేబుల్ మీద ఏ ముక్కలున్నాయి అని రాయండి. అక్కడితో ఆపేయండి. ఎవరు గెలిచారో రాయొద్దు. ఆల్-ఇన్ తర్వాత పడిన ముక్కల మీద మీకు ఎలాంటి అధికారమూ లేదు, కాబట్టి అవి మీ ఆట గురించి ఏమీ చెప్పవు.

ఇలా రాసి చూస్తే ఓడిన హ్యాండ్లు కొన్ని రకాలుగా విడిపోతాయి. చిప్స్ వెళ్లినప్పుడు మీరు బాగా ముందున్నారు, ముక్క ఎదురు తిరిగింది. ఇది అసలైన బ్యాడ్ బీట్, మార్చుకోవాల్సింది ఏమీ లేదు. ఇద్దరికీ పెద్ద ముక్కలే వచ్చాయి, మీది రాజుల జత, ఆవిడది ఆసుల జత. దీన్ని కూలర్ అంటారు. ఎవరు ఆడినా చిప్స్ వెళ్లేవే. రాణుల జతకు ఆసు–రాజు ఎదురైతే అది దాదాపు బొమ్మా బొరుసు: జతకు 55 శాతం పైన కాస్త. దాన్ని ఓడిపోతే దురదృష్టం అనడం కూడా అతిశయోక్తే.

ఇక మిగిలినవి, దురదృష్టం వేషం వేసుకున్న తప్పులు. నా నోటుబుక్కులోనే ఒకటుంది. ఆసుల జత వచ్చింది. ఫ్లాప్‌లో రెండు ఆఠీన్లు పడ్డాయి. ఎదుటావిడను లోపలే ఉంచాలన్న ఆశతో చెక్ చేశాను. ఆవిడా చెక్ చేసింది. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, మూడో ఆఠీన్ పడింది, ఆవిడ చేతిలోని రెండు ఆఠీన్లతో కలిపి ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) అయింది, నా చిప్స్ అన్నీ పోయాయి. ఆసులు ఓడిపోయాయని అందరికీ చెప్పుకున్నాను. రాసి చూసుకుంటే తెలిసింది: ఫ్లష్‌కు ఆవిడకు తొమ్మిది ముక్కలు పనికొస్తాయి, నేను ఆవిడకు తర్వాతి ముక్కను పైసా అడగకుండా చూపించాను. ఇలాంటి చోట్ల ఒక సులువైన లెక్క గుర్తుంచుకోండి. ఎదుటివాళ్లకు పనికొచ్చే ముక్కల సంఖ్యను, ఇంకా రెండు ముక్కలు పడాల్సి ఉంటే నాలుగుతో, ఒక్కటే పడాల్సి ఉంటే రెండుతో గుణించండి. తొమ్మిది ముక్కలైతే 36, 18. అసలు లెక్క దాదాపు 35 శాతం, 20 శాతం లోపు. టేబుల్ దగ్గర ఈ ఉజ్జాయింపు చాలు. మూడింట ఒకసారి జరిగేదాన్ని అద్భుతం అనుకోకూడదు కదా.

చిప్స్ తక్కువైనప్పుడు

20 బిగ్ బ్లైండ్ల కంటే ఎక్కువ ఉంటే మామూలుగా ఆడవచ్చు, కాకపోతే ఊరికే కాల్ చేసి ఫ్లాప్ చూసే సరదాలు మానేయండి. 10, 12కి వచ్చేసరికి ఆట సులువవుతుంది: ఆల్-ఇన్ లేదా ఫోల్డ్. ముందు ఎవరూ పందెం పెట్టని చోట, ముఖ్యంగా బటన్ దగ్గర, మీరే మొదట తోయాలి. అందరూ ఫోల్డ్ చేస్తే బ్లైండ్లు మీవి, ఎవరైనా కాల్ చేసినా గెలిచే అవకాశం ఇంకా ఉంటుంది. ఇంకొకరి ఆల్-ఇన్‌కు కాల్ చేసేటప్పుడు మాత్రం అంతకంటే మంచి ముక్కలు కావాలి. ఇక ఐదు బిగ్ బ్లైండ్లు మిగిలేదాకా ఆసుల కోసం కాచుకుని కూర్చుంటే, అప్పుడు తోసినా ఎవరూ భయపడరు.

బహుమతులు సాధారణంగా మొత్తం ఆడినవాళ్లలో పది, పదిహేను శాతం మందికి వస్తాయి. ఆ గీతకు ఒకటి రెండు స్థానాల ముందు దశను బబుల్ అంటారు. అక్కడ అందరికీ టెన్షనే. మీ కంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాళ్లతో అక్కడ గొడవ పెట్టుకోకండి, తక్కువ ఉన్నవాళ్ల బ్లైండ్లు లాక్కోండి. ఈ మాట వెనక కూడా అదృష్టం లెక్కే ఉంది: మీకంటే తక్కువ చిప్స్ ఉన్నావిడ చేతిలో బ్యాడ్ బీట్ తిన్నా మీరు బతికే ఉంటారు. చిప్స్ కూడబెట్టుకోవడం అంటే దురదృష్టాన్ని భరించే శక్తి కూడబెట్టుకోవడమే.

బయటికి వచ్చాక

ఒక్కరు తప్ప అందరూ ఏదో ఒక హ్యాండ్‌తో బయటికి రావాల్సిందే. లేచి, డీలర్‌కు ధన్యవాదాలు చెప్పి, టేబుల్‌కు శుభాకాంక్షలు చెప్పి రండి. ఇది ముందే అనుకుని ఉంటే ఆ క్షణంలో మాట తడబడదు.

ఆ రాత్రి ఇంకో టోర్నమెంట్ వద్దు, చిప్స్‌కు బదులు నేరుగా డబ్బే పోయే క్యాష్ ఆట అసలే వద్దు. "పోయిన చోటే వెతుక్కోవాలి" అన్న మాట పేకాటలో ఇళ్లు కూల్చింది. పోయినదాన్ని రాబట్టాలన్న తొందర, ఇంట్లో ఎంత పోయిందో చెప్పలేకపోవడం, ఆడటానికి అప్పు అడగడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి మీలో కనిపించినా ఆట ఆపి, నమ్మకమైనవాళ్లకు చెప్పి, సహాయం తీసుకోండి. ఆ దశలో సమస్య ముక్కలది కాదు.

అలాంటిదేమీ లేకుండా, వరుసగా ఓడిపోతున్నానే అన్న దిగులు మాత్రమే ఉంటే ఈ లెక్క చూడండి. పదిహేను శాతం మందికి బహుమతులు ఇచ్చే టోర్నమెంట్లు పది ఆడితే, సగటు ఆటగత్తెలు ఐదుగురిలో ఒకరికి పదింటిలో ఒక్కటి కూడా రాదు. పది టోర్నమెంట్లు ఖాళీ చేతులతో రావడం మీ ఆట చెడ్డదనడానికి సాక్ష్యం కాదు. మంచిదనడానికీ కాదు. అందుకే నోటుబుక్కు కావాలి.

బార్బరా ఎన్‌రైట్ గురించి నేను తరచూ తలచుకుంటాను. 1995లో వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీ ఫైనల్ టేబుల్‌కు చేరిన మొదటి మహిళ ఆమె. ఎనిమిదుల జతతో ఆల్-ఇన్ చేస్తే, ఆరు–మూడు పట్టుకున్నతను గెలిచాడు. ఆమె ఐదో స్థానంలో ఆగిపోయింది. ఫ్లాప్ పడకముందు అలాంటి జతకు దాదాపు 80 శాతం పైచేయి ఉంటుంది. ఆ తర్వాత ఆ పోటీ ఫైనల్ టేబుల్ దగ్గర ఇంకో మహిళ కూర్చోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది: 2025లో స్పెయిన్ ఆటగత్తె లియో మార్గెట్స్ ఏడో స్థానం దాకా వెళ్లింది. ఎన్‌రైట్ ఆడటం మానలేదు. 2007లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన మొదటి మహిళ అయింది. ఆ ఎనిమిదుల హ్యాండ్ ఫలితం చెప్పకుండా ఎవరికైనా చూపించండి, ఆమె సరిగ్గానే ఆడిందంటారు.

మీ హ్యాండ్‌కూ ఇదే పని చేయండి. మర్నాడు, నిద్ర పూర్తయ్యాక, నోటుబుక్కు తీసి మీకంటే బాగా ఆడే స్నేహితురాలికి చూపించండి. "చూడు ఎంత అన్యాయం జరిగిందో" అని మొదలుపెట్టకండి. చిప్స్ లోపలికి వెళ్లిన క్షణం దాకా చదివి వినిపించి, "నువ్వైతే ఏం చేసేదానివి?" అని అడగండి. "నీలాగే" అంటే ఆ పేజీ మూలన ఒక టిక్కు పెట్టుకోండి. వేరే మాట చెబితే ఎందుకో అడిగి, ఆవిడ చెప్పింది ఆ పేజీ కిందే రాసుకోండి. తర్వాతి టోర్నమెంట్‌కు వెళ్లేముందు టిక్కులున్న పేజీలు తిప్పేసి, మిగతావి మాత్రం చదువుకుని వెళ్లండి.